ఐదుకు మూడు వచ్చిన ఇద్దరూ ఒకటేనా?

ఈ నెల శీర్షికకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారివి. పిల్లలు ఫోన్లో లెక్కలు సాధన చేస్తున్నారు. వాళ్లకు ఏది వచ్చింది, ఏది రాలేదు, వచ్చింది ఎన్నాళ్లు నిలుస్తోంది అన్నవి ఎలా కొలవాలన్నదే అందరి సందేహం. కలిసే ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాశాం.

పర్లాకిమిడి నుంచి లెక్కల ట్యూషన్ చెప్పే పాఠకురాలు: ఆరు, ఏడు తరగతుల పిల్లలు మా దగ్గర ఫోన్లో భిన్నాల కూడికలు చేస్తారు. వారం చివర యాప్ ఒక శాతం చూపిస్తుంది. ఇద్దరు పిల్లలకు అదే 60 శాతం వచ్చింది. కానీ ఒకరికి లెక్క పట్టుబడినట్టు, రెండోవారికి పట్టుబడనట్టు నాకు తోస్తోంది. ఈ తేడాను లెక్క కట్టి చూపించవచ్చాండీ?

చూపించవచ్చు, కాగితం మీదే. శాతం లెక్కగట్టినప్పుడు జవాబులు ఏ వరుసలో వచ్చాయన్నది పోతుంది. నేర్చుకోవడం జాడ ఉండేది ఆ వరుసలోనే. మొదటి పిల్ల వరుస తప్పు, తప్పు, ఒప్పు, ఒప్పు, ఒప్పు అనుకోండి. రెండో పిల్లవాడిది ఒప్పు, ఒప్పు, ఒప్పు, తప్పు, తప్పు. ఇద్దరికీ ఐదుకు మూడే.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ 1990ల మధ్యలో దీనికి ఒక పద్ధతి రూపొందించారు. ప్రతి జవాబు తర్వాత ‘ఈ నైపుణ్యం ఈ పిల్లకు వచ్చి ఉండే సంభావ్యత’ను తిరగరాసుకుంటూ పోవడమే ఆ పద్ధతి. నాలుగు అంకెలు చాలు. మొదలుపెట్టేనాటికే వచ్చి ఉండే అవకాశం 0.30 అనుకుందాం. ఒక్కో లెక్క చేస్తూ కొత్తగా నేర్చుకునే అవకాశం 0.10. రాకపోయినా ఊహించి ఒప్పు కొట్టే అవకాశం 0.20. వచ్చినా చెయ్యి జారి తప్పు చేసే అవకాశం 0.10.

కాగితం మీద గడులు గీసుకునో, ఎక్సెల్ షీట్‌లోనో ఇలా చేయండి. జవాబు ఒప్పయితే పాత అంచనాను (మొదటి లెక్కకు అది 0.30) 0.9తో గుణించి ఒక గడిలో పెట్టండి. 1లోంచి పాత అంచనా తీసేసి, మిగిలినదాన్ని 0.2తో గుణించి పక్క గడిలో పెట్టండి. మొదటి గడిని రెండు గడుల మొత్తంతో భాగించండి. జవాబు తప్పయితే ఇదే పని 0.9కి బదులు 0.1తో, 0.2కి బదులు 0.8తో చేయండి. ఏ జవాబైనా సరే చివరి మెట్టు ఒకటే: వచ్చిన అంచనాకు, అది 1కి ఎంత తక్కువుందో అందులో పదో వంతు కలపండి. అదే తర్వాతి లెక్కకు పాత అంచనా.

మొదటి పిల్ల అంచనా 0.30 నుంచి 0.15, 0.12, 0.44, 0.80 మీదుగా 0.95కి చేరుతుంది. రెండో పిల్లవాడిది 0.69, 0.92, 0.98 దాకా ఎక్కి, 0.89కి, అక్కడి నుంచి 0.55కి దిగుతుంది. ‘వచ్చేసింది, ముందుకు వెళ్లొచ్చు’ అనడానికి ఈ పద్ధతిలో వాడుకలో ఉన్న గీత 0.95. మీకు తోచింది నిజమే, అంకెల్లోనూ అదే కనిపిస్తోంది.

అయితే రెండో పిల్లవాడు మరిచిపోయాడనో, శ్రద్ధ పెట్టలేదనో అప్పుడే అనుకోకండి. ఆ నాలుగో, ఐదో లెక్కలేమిటో తీసి చూడండి. మొదటి మూడూ 2/7 + 3/7 లాంటివై, తర్వాతి రెండూ 1/4 + 1/6 లాంటివైతే అక్కడ జరిగింది వేరు. హారాలు ఒకటే ఉన్న కూడిక అతనికి వచ్చు. క.సా.గు. తీసి హారాలు సమం చేయడం రాదు. జవాబు 2/10 అని రాసి ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు, లవాలు లవాలకీ హారాలు హారాలకీ కలిపేశాడు. అప్పుడు ‘భిన్నాల కూడిక’ అని ఒకే పేరు పెట్టడమే పొరపాటు. దాన్ని రెండు నైపుణ్యాలుగా విడగొట్టి, ఒక్కోదానికి వేరే వరుస నడపండి. ఈ పద్ధతి బెడిసికొట్టే చోట్లన్నిటిలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. సూత్రం సరిగానే ఉంటుంది, నైపుణ్యాన్ని మరీ పెద్ద ముక్కగా కోస్తారు.

ఊహ అంకె ప్రశ్న రూపాన్నిబట్టి మారాలి. నాలుగు ఐచ్ఛికాలుంటే 0.25. జవాబు తామే టైపు చేయాలంటే 0.05 చాలు. ఊహ, జారుపాటు రెండూ కలిపి 1 దాటకూడదు. దాటితే ఒప్పు జవాబుకు అంచనా తగ్గడం, తప్పు జవాబుకు పెరగడం మొదలవుతుంది. కార్బెట్, ఆండర్సన్‌లు ఊహను 0.3కి, జారుపాటును 0.1కి మించనివ్వలేదు. మీ దగ్గర ఇరవై, ముప్పై మంది పిల్లలే ఉంటే ఈ అంకెలను సాఫ్ట్‌వేర్‌తో కనిపెట్టించబోకండి. అంత కొద్ది జవాబులకు, ఒకదానికొకటి పొంతనలేని అంకెల గుంపులు రెండు మూడు సమానంగా అతుకుతాయి. చేత్తో నిర్ణయించి, అందరికీ అవే వాడండి.

రాయగడ నుంచి కంప్యూటర్ డిప్లొమా విద్యార్థి: మా ప్రాజెక్టులో 40 మంది పిల్లల జవాబులు గ్రాఫు గీశాను. అడ్డంగా ఎన్నో లెక్క అన్నది, నిలువుగా ఒప్పుల శాతం. ఐదో లెక్క దాకా పెరుగుతూ వచ్చి, ఆరో లెక్క దగ్గర సగానికి పడిపోయింది. సాధన చేసేకొద్దీ చెడిపోతున్నారా సార్?

చెడిపోవడం లేదు. గ్రాఫులోని మనుషులు మారిపోయారు. మీ యాప్ వరుసగా మూడు ఒప్పులు రాగానే పిల్లను పై పాఠానికి పంపిస్తోందేమో చూడండి. పంపిస్తుంటే లెక్క ఇలా ఉంటుంది. ఐదో లెక్కలో 40 మందికి 32 ఒప్పులు, 80 శాతం. ఆ తర్వాత, లెక్క వచ్చేసిన 28 మంది పై పాఠానికి వెళ్లిపోయారు. ఆరో లెక్క చేసింది మిగిలిన 12 మందే, వాళ్లలో 5 ఒప్పులు, 42 శాతం. ఈ 12 మందినే విడిగా చూస్తే ఐదో లెక్కలో వీళ్లవి 4 ఒప్పులే. అంటే 33 నుంచి 42 శాతానికి పెరిగారు. గీత దిగుతోంది, పిల్లలు మాత్రం ఎక్కుతున్నారు.

దీనికి విరుద్ధమైనదీ ఉంది. ఇష్టమైతే చేయండి అని వదిలేసిన యాప్‌లో రానివాళ్లు విసిగి మానేస్తారు, చివరిదాకా మిగిలేది వచ్చినవాళ్లే. అక్కడ గీత ఊరికే పైకి పోతుంది. రెండింటికీ విరుగుడు ఒకటే. మొత్తం ఎన్ని లెక్కలు చేశారన్నదాన్నిబట్టి పిల్లలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకు వేరే గీత గీయండి. ఒకే గీతతో నివేదిక ఇవ్వవద్దు. అది చూసి పాఠం బాగోలేదనో బాగుందనో ఎవరైనా నిర్ణయం తీసేసుకుంటారు.

ఆ 12 మందిని మాత్రం వదలకండి. పది లెక్కలు చేసినా వరుసగా మూడు ఒప్పులు రానివాళ్లకు పదకొండోది ఇవ్వడంవల్ల ఒరిగేది తక్కువ. పరిశోధకులు జోసెఫ్ బెక్, యూ గాంగ్ 2013లో ఈ పది లెక్కల హద్దుతోనే, చక్రం ఉన్నచోటే తిరిగినట్టుండే పిల్లల గురించి రాశారు. యాప్ అక్కడ ఆగి, ఆ పేరు టీచరుకు పంపాలి.

గుణుపురం దగ్గరి ఊరి నుంచి పాఠశాల ఉపాధ్యాయుడు: మా ఊళ్లో సిగ్నల్ సాయంత్రం పూట దొరికితే దొరికినట్టు. ఇంటికి ఒకే ఫోను, అక్కా తమ్ముడూ దాని మీదే చేస్తారు. యాప్ నివేదికలో ఒక రోజు అన్నీ ఒప్పులు, మరో రోజు అన్నీ తప్పులు. దీన్ని నమ్మొచ్చా?

ఇప్పుడున్నట్టు నమ్మకండి. అయితే సరిచేయడానికి వీలుంది. ముందుగా ఒకే ఫోను సంగతి. ఇద్దరి జవాబులు ఒకే పేరు కింద పడితే ఏ సూత్రమైనా వాటిని ఒకే బుర్ర అనుకుంటుంది. ప్రతి పిల్లకూ వేరే గుర్తు ఉండాలి. చిన్నపిల్లలు పేరు టైపు చేయలేరు కాబట్టి బొమ్మ నొక్కి లోపలికి వెళ్లే ఏర్పాటు మేలు: ఏనుగు అక్కది, నెమలి తమ్ముడిది. ఇరవై నిమిషాలు ఎవరూ తాకకపోతే మళ్లీ బొమ్మ అడగాలి. పాత నివేదికల్లో, ఒకే కూర్చోవడంలో ఏడో తరగతి లెక్కలు టకటకా ఒప్పయి, ఆ వెంటనే మూడో తరగతి లెక్కలు కూడా తప్పవుతుంటే చెయ్యి మారిందనే అనుకోవాలి. ఆ భాగం తీసేయండి. తక్కువ సమాచారంతో సరిపెట్టుకోవడమే కలిసిపోయిన సమాచారం వాడటం కన్నా నయం.

తర్వాత సిగ్నల్. నెట్ లేనప్పుడు చేసిన జవాబులు ఫోన్లోనే ఉండి, సిగ్నల్ వచ్చాక ఒక్కసారిగా సర్వర్‌కు వెళ్తాయి. సర్వర్ చేరిన వేళనే రాసుకుంటే మూడు రోజుల సాధన మూడు సెకన్లలో చేసినట్టు పడుతుంది, వరుస కూడా తారుమారు కావచ్చు. ఫోన్ గడియారాన్ని నమ్ముదామంటే కొన్ని ఫోన్లలో తేదీయే తప్పుంటుంది. అందుకని యాప్ తయారుచేసేవాళ్లను మూడూ రాయమని అడగండి: ఫోన్ వేళ, సర్వర్ చేరిన వేళ, ఆ ఫోన్లో ఇది ఎన్నో జవాబు అనే వరుస సంఖ్య. వేళలు అటూఇటూ అయినా వరుస సంఖ్య చెడదు. ఇంకొక్కటి. చాలా సర్వర్లు గ్రీనిచ్ వేళ రాస్తాయి, మనది అంతకన్నా ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 5 గంటలకు చేసిన సాధన ముందురోజు రాత్రి 11.30కి చేసినట్టు నమోదవుతుంది. రోజువారీ హాజరు అందులోంచి తీస్తే పొద్దున్నే లేచి చదివే పిల్లకు లేని సున్నా పడుతుంది.

ఒక్కో లెక్కకు పట్టిన సమయాన్ని సగటు కట్టకండి. 20, 25, 30, 35 సెకన్లలో నాలుగు చేసి, ఐదోదాని దగ్గర అమ్మ పిలిస్తే ఫోన్ పెట్టి వెళ్లి 1,500 సెకన్లకు వచ్చిందనుకోండి. సగటు 322 సెకన్లు, అది ఏ లెక్కకూ పట్టిన సమయం కాదు. మధ్యస్థం, అంటే వరుసగా పేర్చితే నడిమిది, 30; అదే అసలు సంగతి చెబుతుంది. ఇటు పక్క చూస్తే, నాలుగు వాక్యాల లెక్కకు మూడు సెకన్లలో జవాబు వస్తే ఆ పిల్ల చదవలేదని అర్థం. ఒప్పయినా తప్పయినా దాన్ని నైపుణ్యం ఖాతాలో వేయకూడదు. హింట్ బొత్తాన్ని చివరిదాకా నొక్కి జవాబు చూసి రాసింది కూడా అంతే. మొదటి ప్రయత్నంలో, హింట్ లేకుండా వస్తేనే ఒప్పు.

బరంపురం నుంచి ఒక తల్లి: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా బాబు నాలుగో తరగతి. నోటితో అడిగితే తీసివేతలు చక్కగా చెబుతాడు. యాప్ మాత్రం ‘తీసివేతలో వెనకబడ్డాడు’ అంటోంది. ఏం చేయాలండీ?

అమ్మా, యాప్ కొలుస్తున్నది తీసివేతను ఒక్కదాన్నే కాకపోవచ్చు. ఒడియా వాక్యం చదవడం, చదివినదాంట్లో ఏం చేయాలో పోల్చుకోవడం, తీసివేయడం: మూడూ కుదిరితేనే ఒప్పు పడుతుంది. తీసివేత 0.9, ఒడియా చదవడం 0.5 అనుకుంటే రెండూ కలిసే అవకాశం 0.45. సగానికి పైగా తప్పులు వస్తాయి, నిందంతా తీసివేత మీద పడుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. పది లెక్కలు ఉత్త అంకెలతో, పది ఒడియా వాక్యాలతో, పది మీరు తెలుగులో చదివి వినిపించి. అంకెలు వేరువేరుగా ఉండాలి, కష్టం మాత్రం ఒకే స్థాయిలో ఉండాలి. ఒకే రోజు వరుసగా పెడితే చివరిదానికి అలవాటుపడిపోతాడు కాబట్టి మూడు రోజులపాటు రోజూ మూడు రకాలూ కలిపి, కొన్ని కొన్నిగా అడగండి. అంకెలతో 9, తెలుగులో 8, ఒడియాలో 4 వస్తే పట్టించుకోవలసింది ఒడియా చదువును. అంకెలతో 9, వాక్యాల్లో రెండు భాషల్లోనూ 4 వస్తే ఎప్పుడు తీసివేయాలో ఎప్పుడు కలపాలో పోల్చుకోలేకపోతున్నాడు. మూడూ తక్కువైతేనే అసలు తీసివేత దగ్గర కూర్చోవాలి.

సంఖ్యలు వినిపించే యాప్ అయితే ఇంకో చిక్కు. మనం ‘ముప్పై ఆరు’ అని పదులు ముందు చెబుతాం. ఒడియాలో 36 ‘ఛతిశ’, ఆరు ముందు వినబడుతుంది. ఒడియా ఇంకా పూర్తిగా అలవడని పిల్లలు 63 అని నొక్కేయవచ్చు. అలాగే బాబు ఒడియా కీబోర్డు వాడుతుంటే, ఒడియా అంకెల్లో టైపు చేసిన సరైన జవాబును యాప్ తప్పు కొడుతోందేమో స్వయంగా నొక్కి చూడండి. కంప్యూటరుకు ఒడియా 5, మామూలు 5 వేర్వేరు అక్షరాలు. పోల్చే ముందు రెండింటినీ ఒకటి చేయమని రాసి ఉండకపోతే ఒప్పు కాస్తా తప్పవుతుంది.

కోరాపుట్ నుంచి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు: తప్పు జవాబుల్లోంచి ఏమైనా తెలుసుకోవచ్చా? యాప్ తప్పు అని ఎర్ర గుర్తు వేసి ఊరుకుంటోంది.

ఆ ఎర్ర గుర్తు కింద ఉన్న అంకెనే చెరపకుండా రాసి పెట్టుకోవాలి. 52 − 37కి 25 అని రాసిన పిల్లకు తీసివేత రాదనడం సరికాదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్న తన నియమాన్ని ఆ పిల్ల తు.చ. తప్పకుండా పాటించింది. అదే పిల్ల 804 − 256కి 652 అని రాస్తుంది, అసలు జవాబు 548. జాన్ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఇలాంటి తప్పుడు నియమాలను పోగుచేసి, పిల్ల తర్వాత ఏ తప్పు జవాబు రాస్తుందో కూడా ముందే చెప్పగలమని చూపించారు. మూడు లెక్కల్లో మూడు జవాబులూ ఒకే నియమానికి అతికితే ఇంకా లెక్కలు ఇవ్వడం ఆపి, పదుల కట్టలు విప్పి అప్పు తెచ్చుకోవడం చూపించండి. ఏ నియమానికీ అతకని తప్పులైతే అవి తొందరవో, చెయ్యి జారినవో, చదవనివో.

జయపురం నుంచి, యాప్ తయారుచేస్తున్న పాఠకుడు: ప్రశ్నల కష్టం ముందుగా తెలియదు. పిల్లల స్థాయీ తెలియదు. డీప్ లెర్నింగ్ పెట్టాలా?

ముందే అక్కర్లేదు. చదరంగం ఆటగాళ్లకు రేటింగ్ ఇచ్చే ఎలో పద్ధతితో మొదలుపెట్టండి. పిల్లనూ ప్రశ్ననూ ఇద్దరు ఆటగాళ్లనుకోవడమే. కష్టంలోంచి పిల్ల స్థాయిని తీసేసి, 2.718ను ఆ ఘాతానికి హెచ్చించి, 1 కలిపి, 1ని దానితో భాగిస్తే ఒప్పు వచ్చే అవకాశం వస్తుంది. పిల్ల స్థాయి 0, ప్రశ్న కష్టం 0.5 అయితే అది 0.38. ఒప్పు చేస్తే, మిగిలిన 0.62ను 0.4తో గుణించి వచ్చిన 0.25ను పిల్లకు కలిపి ప్రశ్నలోంచి తీయండి. తప్పయితే 0.38ని 0.4తో గుణించి 0.15 పిల్లలోంచి తీసి ప్రశ్నకు కలపండి. ప్రశ్నకు జవాబులు పోగయ్యేకొద్దీ ఆ 0.4ను 0.05 దాకా తగ్గించుకుంటూ రండి. తగ్గించకపోతే ఈ వారం చేసిన పిల్లలనుబట్టి ప్రశ్న కష్టం ఊగిపోతుంది.

2015లో స్టాన్‌ఫర్డ్ బృందం డీప్ లెర్నింగ్‌తో, అంటే మెదడు నాడుల అల్లికను పోలిన నాడీజాలాలతో (న్యూరల్ నెట్‌వర్క్‌లు), పిల్లకు ఏది వచ్చిందో జాడ పట్టే పద్ధతి తెచ్చినప్పుడు పాత పద్ధతులకన్నా ఎంతో ముందున్నట్టు కనిపించింది. మరుసటి ఏడే ఇతరులు కార్బెట్, ఆండర్సన్‌ల పాత పద్ధతికి మరుపు, పిల్లల మధ్య తేడాలు వంటివి చేర్చి చూస్తే ఆ ఆధిక్యం చాలావరకు పోయింది. అందరూ వాడే ఒక సమాచార రాశిలో, రెండు నైపుణ్యాలున్న ప్రశ్నకు ఒకే జవాబు రెండు వరుసలుగా పడి ఉందనీ తేలింది. మొదటి వరుస చూసిన యంత్రానికి రెండో వరుస జవాబు తెలిసిపోతుంది, అది కాపీ కొట్టినట్టే. మీ పట్టికలోనూ ఇలాంటి జంట వరుసలు ముందు ఏరండి.

పరీక్షించేటప్పుడు జవాబులను కాదు, పిల్లలను విడదీయండి. ఐదింట నాలుగు వంతుల పిల్లలతో నేర్పించి, యంత్రం ఎప్పుడూ చూడని మిగతావాళ్ల మీద చూడండి. 70 శాతం జవాబులు ఒప్పయిన చోట, కళ్లు మూసుకుని ‘ఒప్పు’ అనే యంత్రానికీ 70 వస్తుంది. మీది అంతకన్నా ఎంత ఎక్కువో చెప్పండి. అంచనా 0.8 అన్న సందర్భాలన్నీ పోగేసి, అందులో నూటికి ఎనభై దాకా ఒప్పయ్యాయో లేదో కూడా చూడండి. టీచరు పిల్లను ముందుకు పంపేది ఆ అంకెను నమ్మే కాబట్టి, ఈ చూపు మిగతా అన్ని కొలతలకన్నా ముఖ్యమని మా అభిప్రాయం.

పేర్లు, ఫోన్ నంబర్లు జవాబుల పట్టికలో పెట్టకండి. సంకేత సంఖ్య చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన సమ్మతి కావాలి. సమ్మతి పత్రం ఇంటివాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి.

పర్లాకిమిడి నుంచే మరో పాఠకుడు: దసరా సెలవులకు ముందు ఎక్కాలు 0.95 దాటాయి. తిరిగొచ్చాక సగం మంది తడబడ్డారు. అంచనా తప్పా?

అంచనా వేసిన రోజుకు అది సరైనదే. కార్బెట్, ఆండర్సన్ల మొదటి పద్ధతిలో మరుపు అన్నదే లేదు, ఒకసారి వచ్చింది వచ్చినట్టే ఉంటుందని దాని ఊహ. సెలవులు దాటాలంటే మరుపును విడిగా లెక్కించాలి. జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని కొలిచారు. వాడుకోవడానికి తేలికైన రూపం, గుర్తుండే అవకాశం సగమయ్యే గడువు. ఒక ఎక్కానికి గడువు 7 రోజులైతే వారానికి గుర్తుండే అవకాశం 0.5, రెండు వారాలకు 0.25. గడువు 28 రోజులుంటే అదే రెండు వారాలకు 0.71.

మొదట గడువు 2 రోజులని పెట్టుకోండి. అడిగినప్పుడు గుర్తుంటే రెట్టింపు చేయండి, మరిచిపోతే సగం చేయండి. ఇది ఆరంభానికి పనికొచ్చే మోటు నియమం, మీ పిల్లల జవాబులు పోగయ్యాక సరిచేసుకోవచ్చు. ఒకే రోజు ఇరవైసార్లు అడిగించి గడువు పెంచేయకండి. పొద్దున చెప్పింది మధ్యాహ్నం చెప్పడానికి జ్ఞాపకం పెద్దగా కష్టపడదు, ఆ ఒప్పును లెక్కలోకి తీసుకోవద్దు. గడువులో కనీసం సగం కాలం గడిచాక అడిగినదే లెక్క. 2, 4, 8, 16, 32 ఇలా నాలుగుసార్లు రెట్టింపవడానికి నెల దాకా పడుతుంది. కాబట్టి దసరాకు నిలవాల్సిన ఎక్కాలు వినాయక చవితికి ముందే మొదలు కావాలి. సెలవుల్లో నాలుగు రోజులకోసారి, గడువు తక్కువున్న ఆరేడు ఎక్కాలు మాత్రం అడగండి.